నీళ్లు పారబోసిన గడ్డలు

ఆమె పోయిందని మొన్న బుధవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆమె తమ్ముడి కోడలు. కొండాపురం దగ్గరి పునరావాస కాలనీలో, రేకుల వసారాలో మంచం మీద పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయిందట. "మీ ఇంట్లో ఆయప్పకు చెప్పమన్యాడు మా మామ" అని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. ఆయప్పకు, అంటే మా ఆయనకు చెప్పమన్నారు, నాకు కాదు. వంటింట్లో నిలబడి ముందుగా నేను పట్టుకున్నది ఆ మాటను. చచ్చిపోయిన మనిషి మీద కూడా కుళ్లుకునే ఆడదాన్ని మీరు ఇంతకు ముందు చూశారో లేదో నాకు తెలియదు. చూడకపోతే నన్ను చూడొచ్చు.

ఆమె అందగత్తె ఏమీ కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నా మనసుకు కొంచెం హాయిగా ఉంటుంది. నల్లగా, ఎండిపోయిన మనిషి. నాకంటే పదేళ్లయినా పెద్దది. గొర్రెల వెనక నడిచి నడిచి మడమలు పగిలిపోయి ఉండేవి. ఎడమ చేతి మణికట్టు బయటికి వంగి ఉండేది. ఎక్కడ కూర్చున్నా గోడకు ఆనుకునేది కాదు, మోకాళ్లు దగ్గరికి తీసుకుని, ఏ క్షణమైనా లేవాల్సి వస్తుందన్నట్టు కూర్చునేది. ఏం చెప్పినా ముందు "అట్లనా" అనేది. ఆ తర్వాత ఎంతోసేపటికి గానీ అసలు జవాబు వచ్చేది కాదు. ఆ మధ్యలో మనం ఆగలేక ఇంకో రెండు మాటలు ఎక్కువ అనేసి ఇరుక్కుపోతాం.

ఇంకొక అలవాటు ఉండేది. మా ఆయనకు తినడానికి ఏది పెట్టినా ముందు ఒక ముక్క తన నోట్లో వేసుకునేది. తొందరపడకుండా నమిలి మింగేది. మింగినాక గిన్నె ఆయన వైపు జరిపేది. జరిపి తల పక్కకు తిప్పుకునేది. ఇన్నేళ్లలో నా కడుపు మండించిన దృశ్యం ఏదని అడిగితే ఇదే చెబుతాను. నా మొగుడికి ఎంగిలి పెట్టే అధికారం దీనికి ఎవరిచ్చారు అనుకునేదాన్ని.

మా ఆయన నాకు సొంత మేనమామ. నేను పుట్టిన రోజే మా అవ్వ నన్ను ఆయన ఒళ్లో పెట్టి "ఇది నీదిరా" అందట. నేను మాత్రం అది తిరగేసి పట్టుకున్నాను. ఆయన నావాడు, నడక రాకముందు నుంచీ నావాడు. అందుకే ఆయన జీవితంలో నేను లేని పదకొండు నెలలు ఉండడం నేను ఎన్నటికీ ఒప్పుకోలేకపోయాను.

ఆ పదకొండు నెలల సంగతి చెప్పాలి. మా ఊరు జమ్మలమడుగుకు దగ్గర. ఊళ్లో రెండు పార్టీలు. పార్టీ అంటే జెండా అనుకునేరు, జెండాలు తర్వాత వచ్చాయి. ముందు ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ల వెనక మేమంతా. వాళ్లు నీళ్లు పట్టుకునే బోరింగు దగ్గరికి మేం పోయేవాళ్లం కాదు, మేం టీ తాగే కొట్టుకు వాళ్లు వచ్చేవాళ్లు కాదు. మా ఆయన మా పెద్దాయన మనిషి. జీపులో వెనక సీటు ఆయనది. ఆ సీటులో ఆయన్ను చూసి నేను మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి, అబద్ధమెందుకు.

ఒకసారి ఎన్నికల ముందు ఊరి బయట బాంబులు పడి ఎదుటి పార్టీ మనిషి ఒకాయన చనిపోయాడు. కేసులో రాసిన పేర్లలో మా ఆయన పేరు కూడా ఉంది. ఆ రోజు ఆయన నాతోపాటు మైదుకూరులో మా చుట్టాల పెళ్లిలో పంక్తి వడ్డిస్తున్నాడు. ఆ మాట చెబితే వినేవాళ్లు ఎవరు. పోలీసుల కంటే ముందు ఎదుటివాళ్ల చేతికి చిక్కుతానని ఆయన కొండెక్కి దాక్కున్నాడు.

దాక్కున్నవాళ్లకు ఆ ఏండ్లలో కత్తి కంటే కంచం భయం ఎక్కువ. మా పార్టీవాడే ఒకడు చుట్టాలింట్లో తలదాచుకుని, వాళ్లు ప్రేమగా పెట్టిన పప్పన్నం తిని మళ్లీ లేవలేదు. ఆ చుట్టాన్ని ఎదుటివాళ్లు కొనేశారని తర్వాత తెలిసింది. అప్పటినుంచి దాక్కున్నవాళ్లలో ఒక కట్టుబాటు పుట్టింది. పెట్టే మనిషి కళ్లముందు ఒక ముద్ద తింటేనే వీళ్లు చెయ్యి పెట్టాలి. అడగడానికి మొహమాటపడేవాళ్లు పస్తుండాలి.

ఆమె ఊరు కొండ కింద, పెన్నకు ఆనుకుని ఉండేది. ఇప్పుడది గండికోట రిజర్వాయర్ నీళ్ల అడుగున ఉంది. మొగుడు పోయిన మనిషి, తమ్ముడితో కలిసి గొర్రెలు మేపుకునేది. వాళ్ల మంద దగ్గరికి చేరిన రోజు మా ఆయన రెండు రోజుల ఆకలితో ఉన్నాడట. గిన్నె ముందు పెడితే చూస్తూ కూర్చున్నాడట గానీ చెయ్యి పెట్టలేదట. ఆమె ఏమీ అడగలేదు. ఒక ముక్క తీసి తన నోట్లో వేసుకుంది. అంతే.

ఆ గిన్నెలో ఉన్నది కొండ గడ్డలు. ఊరికే ఉడికించి తింటే గొంతు పట్టేసే చేదు గడ్డలవి. సన్నగా తరిగి, గుడ్డలో మూటకట్టి, ఊట నీళ్లలో రాయి కింద పెట్టి, మరునాడు తీసి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి మళ్లీ ఉడికిస్తే అప్పుడు మనుషులు తినొచ్చు. జొన్నలు అయిపోయిన నెలల్లో ఆమెకూ తమ్ముడికీ అవే తిండి. మా ఆయనకూ అవే.

పదకొండు నెలలకు బెయిలు దొరికి ఆయన తిరిగొచ్చిన రోజు నేను రాగి సంగటి చేసి, నాటుకోడి కోయించి, నా చేతి ఒడుపంతా చూపించి వండాను. కంచం ముందు కూర్చుని ఆయన ఆగాడు. చెయ్యి కంచం అంచు మీద ఉంది, లోపలికి పోవడం లేదు. ఒక్క నిమిషం కూడా ఉండదేమో. తర్వాత తిన్నాడు. మరునాడూ అంతే, ఆ తర్వాతా అంతే. కొండ మీద తిన్నది గుర్తొచ్చి నా కూర గొంతు దిగడం లేదని నేను తీర్మానించుకున్నాను. మా ఇళ్లలో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు కంచం ముందు కూర్చునేది. కాబట్టి ఆయన ఆగిన ప్రతిసారీ నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. ముప్పై ఏళ్లు చూశాను.

ఆమెను మొదటిసారి చూసింది పులివెందులలో, కోర్టు బయట. అప్పటికి రెండు పార్టీల పెద్దాయనలూ ఒకే జెండా కిందికి వచ్చేశారు. ఒకే వేదిక మీద ఒకరి మెడలో ఒకరు దండ వేసుకున్నారు. దాంతో సాక్షులందరికీ ఒక్కసారిగా మతిమరుపు వచ్చింది. కేసు కొట్టేసిన రోజు నేను నాలుగు గిన్నెల క్యారియర్ మోసుకుని పోయాను. చిత్రాన్నం, అలసందల వడలు, పెరుగన్నం, ఊరగాయ. ఆయన మెట్లు దిగి వస్తుంటే గేటు పక్కన ఎవరో ఆడమనిషి లేచి నిలబడింది. కొంగు విప్పి, అందులోంచి ఉడికించిన గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, తీసి, కొస తుంచి తన నోట్లో వేసుకుంది. మిగిలింది ఆయన చేతిలో పెట్టింది.

ఆయన అక్కడే నిలబడి, ఒక్క క్షణమైనా ఆగకుండా తినేశాడు. నా క్యారియర్ మూత ఇంకా తెరవలేదు.

"ఎవరు మామా?" అన్నాను.

"అక్క" అన్నాడు.

తిరుగు బస్సులో ఆ మణికట్టు సంగతి అడిగాను. ఎదుటి పార్టీవాళ్లు మంద దగ్గరికి వచ్చి వీడెక్కడని అడిగితే "గొర్లు తప్ప ఈడ మనుషులు ల్యారు" అందట. గొడ్డలి వెనకవైపు తిప్పి కొట్టారట. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట అందట. ఆయన ఇరవై అడుగుల దూరంలో బండల మధ్య పడుకుని ఆ మాట విన్నాడట. ఇది విన్నాక ఏ పెళ్లామైనా ఆమె కాళ్లు పట్టుకోవాలి. నేను నా రెండు మణికట్లు చూసుకున్నాను. నున్నగా, గాజులతో, ఏ వంకరా లేకుండా ఉన్నాయి. ఆయన కోసం నా ఒంటి మీద ఒక్క మచ్చయినా లేదే అని బస్సులో కూర్చుని ఏడ్చాను. కేసు పోయిన సంతోషంలో ఏడుస్తున్నానని ఆయన వీపు నిమిరాడు.

తర్వాత చాలా ఏళ్లు ఆమె మా మధ్యకు రాలేదు. ఆ ఊళ్లు నీళ్లలో మునిగాయి, కాలనీలు లేచాయి. మా ఆయనకు షుగరు వచ్చింది, షుగరు వెనక కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం ప్రొద్దుటూరులో డయాలసిస్. నాటు బాంబుల నుంచి తప్పించుకున్న మనిషి ఉర్లగడ్డకు, అదే బంగాళాదుంపకు, భయపడే రోజు వచ్చింది. ఉర్లగడ్డ, చేమగడ్డ, గెనుసుగడ్డ, కంద, అన్నింట్లో పొటాషియం ఉంటుందని, చెడిన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవని, అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగుతుందని డాక్టరు చెప్పాడు. తినవలసినవి, తినకూడనివి రాసిన కాగితం ఒకటి ఇచ్చారు. నేను దాన్ని మడిచి ఫైల్లో పెట్టాను. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ నడిపినదాన్ని, తిండి గురించి నాకొకరు కాగితం ఇచ్చేదేంటి.

ఒక గురువారం ఆటోలో ఆసుపత్రికి పోతుంటే ప్రొద్దుటూరు కూరగాయల మార్కెట్ దగ్గర ఆయన ఉన్నట్టుండి "ఆపప్పా, ఆపు" అన్నాడు. రోడ్డు పక్కన గంప ముందు ఆమె కూర్చుని ఉంది. గంపలో గెనుసుగడ్డలు, చేమగడ్డలు. కాలనీ దగ్గర మేత లేక గొర్రెలు అమ్మేసిందట. రోజూ బస్సులో వచ్చి గడ్డలు అమ్ముకుంటోందట.

ఆయన ఆటో కమ్మీ పట్టుకుని దిగాడు. ఆమె ఆయన్ను చూసి ఏడవలేదు, నవ్వలేదు.

"ఏందప్పా మొగం ఉబ్బినాది?"

"కిడ్నీలు పోయినాయక్కా. గడ్డలు ముట్టగూడదంట."

"అట్లనా" అంది. గంపలో గడ్డలు అటూ ఇటూ సర్దింది. చాలాసేపటికి "నీళ్లు పారబోసినా తినగూడదంటనా?" అంది.

"గడ్డ యాదైనా గడ్డే. పద మామా, టైమైతాంది" అని నేను ఆయన్ను ఆటోలోకి లాగాను.

ఆ తర్వాతి గురువారం, ఎవరిని అడిగి తెలుసుకుందో, ఆమె వార్డుకు వచ్చింది. చిన్న స్టీలు డబ్బా. డబ్బాలో లెక్కగా నాలుగు ముక్కలు. మంచం పక్కన నేల మీద కూర్చుని, మూత తీసి, ఒకటి తన నోట్లో వేసుకుని, డబ్బా ఆయన మంచం మీద పెట్టి తల తిప్పుకుంది. మిగిలిన మూడూ ఆయన తిన్నాడు. నేను సిస్టర్ వైపు చూశాను. "మిషను మీద ఉన్నప్పుడు రెండు మూడు ముక్కలకు ఏం కాదులేమ్మా, ఎక్కువ పెట్టనీకు" అందామె. నాకు ఇంకో దారి లేకుండా పోయింది.

అప్పటినుంచి గురువారం గురువారం అదే వరస. పలకరింపు ఉండదు. "ఎట్లుండావ్" అని ఈమె అడగదు, "బాగుండా" అని ఆయన చెప్పడు. మూడు ముక్కలు తినేదాకా కూర్చుని, ఖాళీ డబ్బా కొంగులో కట్టుకుని పోయేది. సోమవారాలు ఆయన కళ్లు మూసుకుని పడుకునేవాడు. గురువారాలు తలుపు వైపు తిరిగి పడుకునేవాడు. ఈ తేడా డాక్టర్లకు కనపడదు, పెళ్లాలకు కనపడుతుంది.

నెలనెలా రక్తపరీక్ష చేసేవాళ్లు. పొటాషియం ఎక్కడ ఉండాలో అక్కడే ఉండేది. ఆ కాగితం చూసి దేవుడికి దండం పెట్టుకోవాల్సినదాన్ని. చూసినప్పుడల్లా నాకు కడుపులో కాలేది. నేను చప్పిడి అన్నం, సొరకాయ, బీరకాయ పెట్టి కాపలా కాస్తుంటే, ఆమె గడ్డలు పెట్టి ఆయన్ను తలుపు వైపు తిప్పుకుంటోంది, పైగా ఏమీ కావడం లేదు.

ఒకరోజు మార్కెట్ వెనక కుళాయి దగ్గర ఆమెను చూశాను. పొయ్యి మీది దబర దించి, గడ్డలు ఉడికిన నీళ్లను కాలవలో వంచేసింది. మళ్లీ కుళాయి నీళ్లు నిండా పోసి పొయ్యి మీద పెట్టింది. నాకు నవ్వొచ్చింది. నేను అంగన్‌వాడీలో ఎంతమంది తల్లులకు చెప్పాను, కూరగాయలు ఉడికించిన నీళ్లు పారబోయకండమ్మా, బలమంతా ఆ నీళ్లలోనే ఉంటుంది అని. గోడ మీద బొమ్మలు వేయించి మరీ చెప్పాను. ఈ గొర్రెల మనిషికి గడ్డ ఉడికించడం కూడా తెలియదు అనుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ పూట నాకు మంచి నిద్ర పట్టింది.

ఆ శనివారం నేనూ గడ్డలు తెచ్చాను.

ఎందుకు తెచ్చావంటే నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. ఆమె పెడితే ఏమీ కానిది, నేను పెడితే ఏమవుతుంది. ఉర్లగడ్డలు పెద్ద ముక్కలుగా కోసి, ఉడికించిన నీళ్లు ఒక్క చుక్క పారబోయకుండా, టమాటాలు, చింతపండు, అల్లం, వెల్లుల్లి, చివర్లో వేయించిన చెనిక్కాయల పొడి వేసి దించాను. వీధి చివరిదాకా వాసన పోయింది. ఆయన కంచం ముందు కూర్చుని ఎప్పటిలాగే ఆగాడు.

"ఆమె గడ్డలు దిగే గొంతులో నా గడ్డలు దిగవా మామా?" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. తర్వాత తిన్నాడు. రెండోసారి కూడా వేయించుకున్నాడు. "ఎన్నాళ్లకు" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆ సాయంత్రమంతా ఇంట్లో పాటలు పాడుకుంటూ తిరిగాను.

ఆదివారం పొద్దున ఆయన మంచం దిగబోయి కూలబడ్డాడు. కాళ్లు తనవి కావన్నట్టు పడి ఉన్నాయి. చేయి పట్టి చూస్తే నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది. పక్కింటివాళ్ల కారులో ప్రొద్దుటూరు పోయేదాకా ఆయన పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. ఆసుపత్రిలో సూదులు వేశారు, మిషను పెట్టారు. ఇంకొక గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచి "ఏం పెట్టారమ్మా?" అని అడిగాడు.

నోరు జారిందని చెప్పుకోవచ్చు. జారలేదు. నేను ఆలోచించే అన్నాను.

"గడ్డలమ్మే ఆమె ఒకామె వచ్చి పెడతాంటాది సార్. ఎంత చెప్పినా ఇనదు."

గురువారం ఆమె డబ్బాతో వచ్చింది. సిస్టర్ గుమ్మం దగ్గరే ఆపి, నీ గడ్డలు తిని ఆదివారం పడిపోయాడు, మనిషిని చంపుతావా అని అందరిముందూ కేకలేసింది. వార్డు మొత్తం ఆమె వైపు తిరిగింది. ఆమె నా వైపు చూడలేదు. మంచం మీద ఉన్న ఆయన వైపు చూసింది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నాడు. తనను పడేసింది ఎవరి కూరో ఆయనకు తెలుసు. ఎవరి కూర కాదో ఆమెకు తెలుసు. ఇద్దరూ నోరు తెరవలేదు. ఇద్దరూ కలిసి నన్ను కాపాడుతున్నారు. దొంగగా పట్టుబడితే భరించేదాన్నేమో గానీ, వాళ్లిద్దరూ ఒక్కటై నా మీద జాలిపడడం నేనెట్లా భరించేది.

"అట్లనా" అందామె చివరికి. "ఇంగ తేను లేమ్మా."

నేను వెనకాలే బయటికి పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ చెప్పలేను. వరండాలో బెంచీ మీద ఆమె మోకాళ్లు కూడదీసుకుని కూర్చుని ఉంది.

"నేను పెట్టేది బేస్తవారం" అంది, నేల చూస్తూ. "ఆయప్ప పడిపోయింది ఆదివారం."

నేను బెంచీ చివర కూర్చున్నాను.

"గడ్డ సన్నగా కోయాలమ్మా, రేకుల మాదిరి. ముందురోజే నీళ్లలో ఎయ్యాల. శానా నీళ్లు. రెండు మూడు తూర్లు ఆ నీళ్లు మార్చాల. మల్ల ఉడకబెట్టి పారబొయ్యాల. మల్ల కొత్త నీళ్లు పోసి ఉడకబెట్టి, అయ్యి గూడా పారబొయ్యాల. గడ్డలో ఉండే చెడంతా నీళ్లలోకి దిగుతాది. మా కొండ గడ్డలకు మా యమ్మ అట్లనే చేస్తాండె. ఈ గడ్డల్లో ఏం చెడుందో నాకు తెల్దు. డాక్టరు వద్దన్యాడంటే ఉంటాది కదా అని అట్లనే చేసినా. అయినా మూడు ముక్కలకు మించి పెట్టలేదు."

"మరి లోపల నువ్వెందుకు చెప్పల్యా?" అన్నాను.

ఆమె డబ్బాను కొంగులో ముడేసుకుంది. వార్డులోంచి మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"నేను వారానికి ఒక పొద్దు పెడ్తా. దినామూ పెట్టేది నువ్వు. నీ చెయ్యంటే ఆయప్పకు భయం పుడితే ఇంగ యాడ తింటాడు?"

లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "పెట్టేముందు నువ్వొక ముక్క నోట్లో ఏసుకో. ల్యాకపోతే ఆయప్ప తినడు."

అప్పటిదాకా తల దించుకుని ఉన్నదాన్ని, ఆ మాటకు తల ఎత్తాను. "ముప్పై ఏండ్లుగా నా ఇంట్లో తింటానే ఉండాడు. నేనెప్పుడూ ఎంగిలి పెట్టల్యా" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. ఏదో అడగబోయి మానుకుంది. "అట్లనా" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ అట్లనా తర్వాత రావాల్సిన మాట ఇక రాలేదు. అదే నేను ఆమెను చివరిసారి చూడడం.

ఇంటికొచ్చి ఫైల్లో మడిచిపెట్టిన కాగితం తీశాను. దుంపలు మానెయ్యండి, మానలేకపోతే పలుచగా తరిగి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, డాక్టరును అడిగి కొద్దిగా మాత్రమే తినండి అని తెలుగులోనే రాసి ఉంది. నేను తల్లులకు చెప్పింది అబద్ధం కాదు. బలం నీళ్లలోనే ఉంటుంది. ఆ బలమే మా ఆయనకు విషం. చదువు లేని మనిషి చేతికి అందింది, నాకు అందలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లి నిజం చెప్పాలని ప్రతి గురువారం అనుకున్నాను. ఐదు నెలలు అనుకుంటూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు, ఆమె ఏదని అడగలేదు. గురువారాలు కూడా కళ్లు మూసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఫోన్ వచ్చింది.

ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉంటే వెళ్లి చెప్పాను. "యాపొద్దు?" అన్నాడు. "నిన్న రాత్రంట" అన్నాను. "ఒకతూరి చూసొస్తామా?" అన్నాడు. కాలనీకి ఫోన్ చేస్తే అప్పటికే ఎత్తేశామన్నారు. ఆయన తువ్వాలు ముఖం మీద వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను చనిపోతే ఇట్లా పడుకుంటాడా అని అక్కడ నిలబడి ఆలోచించాను. అదీ నా బుద్ధి.

మధ్యాహ్నం ప్రొద్దుటూరు పోయి గెనుసుగడ్డలు తెచ్చాను. ఆమె గంప పెట్టుకునే చోట ఎవరో టమాటాలు పోసుకుని అమ్ముతున్నారు. గడ్డ చెక్కు తీసి రేకుల్లా కోసి దబర నిండా నీళ్లలో వేశాను. సాయంత్రంలోగా రెండుసార్లు నీళ్లు మార్చాను. గురువారం పొద్దున ఉడికించి వంచాను, మళ్లీ పోసి ఉడికించి వంచాను. దబర వంచేటప్పుడు చెయ్యి రాలేదు. గోడ మీద బొమ్మలు వేయించిన చెయ్యి కదా.

వార్డులో ఆయనకు మిషను పెట్టాక, డబ్బా మూత తీసి మంచం మీద పెట్టాను. అచ్చంగా నాలుగు ముక్కలు. ఆయన డబ్బా చూశాడు. చెయ్యి డబ్బా అంచు మీదికి వచ్చి అక్కడే ఆగింది. ఆయన కళ్లు డబ్బా మీద లేవు. నా నోటి మీద ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. కొండ దిగి వచ్చిన మొదటి రోజునుంచి ఆయన చెయ్యి కంచం అంచున ఎందుకు ఆగుతుందో అప్పుడు అర్థమైంది. ఆయన నా కూరను ఇంకొకరి కూరతో పోల్చడం లేదు. పెట్టిన మనిషి ముందు తింటుందని ఎదురుచూస్తున్నాడు. దాక్కున్నవాళ్ల కట్టుబాటు నాకు తెలిసిందే, అది నా వంటింట్లోకి కూడా వచ్చిందని మాత్రం తట్టలేదు. పెళ్లాన్ని అడగలేడు, అడిగితే అనుమానించినట్టు. అడగకుండా, ప్రతి పూటా భయాన్ని మింగి, దాని మీద నా అన్నం తిన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి రోషపడ్డాను.

ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. ఆమె చేసిన గడ్డల రుచి ఎట్లా ఉంటుందో నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు, పౌరుషం అడ్డొచ్చి. చప్పగా ఉంది. ఉప్పు లేదు, తీపి లేదు, నీళ్లతో పాటు గడ్డ రుచంతా కాలవలో పోయింది. ఇంత చప్పటి దానికోసమా నేను కాలిపోయింది అనుకున్నాను. ఆ గడ్డల్లో రుచి ఉండి ఉంటే నేను ఆమెను ఎప్పుడో గెలిచేదాన్ని. గెలవడానికి అందులో ఏమీ లేదు.

మింగి, డబ్బా ఆయన వైపు జరిపాను. ఆయన తినడం మొదలుపెట్టాడు. సిస్టర్ చూసి గబగబా వచ్చింది.

"మళ్లీ గడ్డలా? ఆమె వచ్చిందా? రావొద్దని చెప్పినాం కదమ్మా."

"ఆమె రాదు సిస్టర్, పోయింది" అన్నాను. "ఇవి నేను చేసినవి, ఆమె నేర్పినట్టు. ఆ పొద్దు ఈయన్ను పడేసింది కూడా నా కూరే. ఆమె గడ్డలు కాదు. నేను అబద్ధం చెప్పినా."

పక్క మంచాలవాళ్లు విన్నారు. సిస్టర్ డబ్బాలోకి తొంగిచూసింది. ఆయన ఫ్యాను వైపు చూస్తూ నములుతున్నాడు.

"మామా" అన్నాను. "ఇన్నావా?"

"ఇన్యా" అన్నాడు. "నాకు తెలిసిందే కదా."

ఇంటికొచ్చాక అన్నం, బీరకాయ కూర వడ్డించాను. ఎప్పుడూ నిలబడే గుమ్మం దగ్గర నిలబడలేదు. ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన కంచంలోంచే ఒక ముద్ద కలిపి నేను తిన్నాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, ఆ వెంటనే చెయ్యి పెట్టాడు. అంచు మీద ఆగలేదు. వంచిన తల ఎత్తకుండా కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమన్నాడు.

పెట్టాను. పెడుతూ ఉంటే ఇది కూడా ఆమె చెబితే వచ్చిందేనని గుర్తొచ్చింది. ఇప్పుడు కూడా మండింది.